ఒక్క బైటు చోట నాలుగు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రేకులు కత్తిరించే ప్రెస్సు ఒక మనిషి కుడిచేతి మూడు వేళ్లు నలిపేసింది. దాన్ని నడిపే ప్రోగ్రాము నాది. చెయ్యి లోపలుంటే ప్రెస్సు ఆగాలి. ఆగలేదు. పనివాడే కునుకు తీశాడని మా ఆఫీసు ఓనరు వాళ్లింటికి కబురు పంపాడు.

మర్నాడు పొద్దున ఆ పనివాడి అన్న ఆబిడ్స్‌లోని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

"మా తమ్ముడు నిద్రపోయిండంటవా?"

కుర్చీ ఎత్తి నా తల మీద వేశాడు. నెత్తురు కంట్లోకి కారింది. పడిపోయాక కూడా, పక్క షాపులవాళ్లు వచ్చి పట్టుకునేదాకా కడుపులో తన్నుతూనే ఉన్నాడు.

ఆరు కుట్లు పడ్డాయి. తప్పు నాది కాదని రుజువు చేసి వాడి మొహాన కొట్టాలని ఆ మధ్యాహ్నమే కూర్చున్నా. నేను రాసింది చదివితే అంతా బాగానే కనిపించింది. దాంతో ప్రెస్సు కంప్యూటర్‌లో నిజంగా నడుస్తున్న ఆదేశాలను బయటికి తీశా. ప్రాసెసర్‌కు ప్రతి ఆదేశమూ కొన్ని అంకెలే. మెమరీలో ఎన్ని బైట్లు రాయాలో కూడా వాటిలోనే ఉంటుంది. అక్కడ 88 అంటే ఒక బైటు, 89 అంటే నాలుగు. కత్తిరించిన రేకుల లెక్కకు ఒక్క బైటు చోటే ఉంది. ఆదేశంలో ఉన్నది 89.

కిందటి నెల పెద్ద లెక్క పట్టేలా మార్చింది నేనే. చోటు పెంచడం మరిచాను. పక్క బైటులో ఉన్నది 'చెయ్యి లోపలుంది' అనే గుర్తు. రేకు లెక్కపడ్డ ప్రతిసారీ అది చెరిగిపోయేది.

ఓనరుకు చూపించా.

"నోర్ముయ్! ఇద్దరం జైలుకు పోతాం," అంటూ కాలర్ పట్టి గోడకేసి బాదాడు. కుట్లు తెగాయి. పుట్టాక ఎవరినీ కొట్టని నేను చేతికందిన కీబోర్డుతో అతని మొహం మీద రెండుసార్లు కొట్టా. కీబోర్డు విరిగింది.

అట్నుంచి అటే దవాఖానకు వెళ్లా. వార్డులో అన్న ఎదురొచ్చాడు.

"తప్పు మీ తమ్ముడిది కాదు. నాది."

చెంప పగిలింది. మళ్లీ చెయ్యెత్తాడు.

"అన్నా, జర ఆగు," అన్నాడు మంచం మీది మనిషి. నావైపు తిరిగి, "గీ మాట పోలీసోళ్లకు చెప్తవా?"

"చెప్తా."

ఆ సాయంత్రమే పోలీస్ స్టేషన్‌లో రాసి సంతకం పెట్టా. ప్రెస్సు ఆపేశారు. నా ఉద్యోగం పోయింది. కేసు నాంపల్లి కోర్టులో ఇంకా నడుస్తోంది. వాయిదాకు వెళ్తే అన్న నన్ను చూసి పళ్లు కొరుకుతాడు. తమ్ముడు బల్ల మీద జరిగి చోటిస్తాడు. ఎక్కువగా నేను నిలబడే ఉంటా.