ఎనిమిదీ కొట్టనీ

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులోని మా ఇంట్లో గడియారం వైపు తలెత్తి చూసేది మా అమ్మ ఒక్కతే. నాయనా, నేనూ గంటలు విని పొద్దు తెలుసుకునేవాళ్లం. నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే ఇక తల తిప్పడు. నేను రాట్నం దగ్గర దారం చిక్కులు చేసి తిట్లు తింటూ ఉండేదాన్ని. మగ్గం ఎంత మోత పెట్టినా గోడ మీద గంట మోగితే మాత్రం అందరికీ వినపడేది. చెక్కపెట్టెలో లోలకం ఊగే గడియారం అది. నాయన పెళ్లికి ఆదోనిలో ఉండే మా మేనత్త తెచ్చి స్వయంగా తగిలించి పోయిందట.

గురువారం వచ్చిందంటే అమ్మ తలస్నానం చేసి, మంత్రాలయం దిక్కుకు తిరిగి దండం పెట్టుకుని, తడిజుట్టుతోనే స్టూలెక్కి దానికి కీ ఇచ్చేది. కుడివైపు రంధ్రం నడకకు, ఎడమవైపుది గంటకు. చివరికొచ్చేసరికి బిగుసుకుంటుంది కదా, అప్పుడు పళ్లు బిగబట్టి మెల్లగా తిప్పేది. నీటిబొట్లు స్టూలు మీద పడేవి.

ఒక ఏడాది వానల తర్వాత అమ్మకు జ్వరం పట్టుకుంది. ఎన్ని మందులు వేసినా దిగలేదు. ఒకనాటి పొద్దున గడియారం ఎనిమిది కొడుతుండగానే అమ్మ పోయింది. ఒకపక్క గంటలు మోగుతూనే ఉన్నాయి, ఇంకోపక్క ఆడవాళ్ల ఏడుపు లేచింది. ఆ గంటలు నేను పూర్తిగా విన్నానో లేదో ఇప్పటికీ తెలీదు.

తర్వాతి గురువారం కీ ఇవ్వాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఒక రోజు ఐదు దాటి కాస్త ముందుకు పోయి గడియారం ఆగిపోయింది. మైల అని మగ్గం అప్పటికే ఆగి ఉంది. ఇల్లంతా నోరు పోయిన మనిషిలా అయిపోయింది.

దినాలు అయ్యేలోపు అమ్మ వస్తువులు ఒక్కొక్కటే ఇల్లు దాటాయి. చీరలు పోయాయి, పడుకున్న మంచం పోయింది, దువ్వెన కూడా కనపడలేదు. నాయన అమ్మ పేరెత్తడు, ఏడవడు, మైల తీరాక కూడా మగ్గంలో దిగడు. ఆ రాకపోకల్లో అండగా ఉండిపోయిన మేనత్తతో ఒక సాయంత్రం అన్నాడు. "అక్కా, పోయేటప్పుడు ఆ గడియారం నీ ఎంట తీస్కపో. నేను దాన్ని సూడలేకుండాను."

అది కూడా పోతే ఆ ఇంట్లో అమ్మది అని చెప్పుకోడానికి నాకేం మిగులుతుంది?

మరునాడు పొద్దున మేనత్త పెరట్లో ఉండగా నేను స్టూలెక్కాను. ముల్లును వెనక్కి తిప్పుకుంటూ పోతే ఏదో ఒకచోట, ఆ ఎనిమిదికి ముందు, అమ్మ మళ్లీ దొరుకుతుందని నా ఆలోచన. నవ్వకండి, ఆ వయసులో అది నాకు చాలా సబబుగానే తోచింది. అద్దం తలుపు తెరిచి వేలు పెట్టానో లేదో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది.

మేనత్త నోటికి మా వీధంతా భయపడేది. వీపు మీద ఒకటి పడుతుందనే అనుకున్నాను. ఆమె నా మొహం చూసి, "యాడికి పోతాండావు పాపా, ఎనక్కి?" అంది. చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎనక్కి తిప్పితే లోపల చక్రాల పండ్లు ఇరుగుతాయి. ఇది ముందుకే పోతాది. రా, ఇద్దరం తిప్పుదాం."

తనే కీ ఇచ్చి, లోలకాన్ని నా చేత ఊపించింది. పెద్ద ముల్లు అరగంట దగ్గరికి పోతే ఒక్క దెబ్బ, పన్నెండు దగ్గరికి పోతే ఆ గంట లెక్క. అది మోగి ఊరుకునేదాకా వేలు తీసి ఉంచాలి, ముల్లును కదపకూడదు. ఆరు కొట్టింది. "ఆరుకు మీయమ్మ ఏం జేస్తాండె?" అని అడిగింది మేనత్త. వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పట్టించేదని చెప్పాను. ఏడు కొట్టింది. బొరుగులతో ఉగ్గాని చేసేదని, నాకు మిరపకాయలు ఏరి పక్కన పెట్టేదని చెప్పాను. చెబుతుంటే నాకే తెలీకుండా కొంచెం నవ్వొచ్చింది కూడా.

చిన్న ముల్లు ఎనిమిది వైపు వస్తోంది. నేను వేలు తియ్యకుండా పెద్ద ముల్లును గబగబా తోసెయ్యబోయాను. మేనత్త మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఎనిమిదీ కొట్టనీ."

"వద్దత్తా."

"ఇప్పుడు దాటించినావంటే ముల్లు ఒకటి సూపిస్తాది, గంట ఇంగొకటి కొడతాది. ఇంగ దినామూ తప్పే. కొట్టనీ పాపా, నేను ఉండా కదా."

కొట్టింది. ఒక్కొక్క దెబ్బకూ నేను ఆమె భుజానికి ఇంకా గట్టిగా అతుక్కుపోయాను. మా వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, నాయన అలాగే మగ్గం గట్టు మీద కూలబడి, అమ్మను పేరు పెట్టి పిలుస్తూ పెద్దగా ఏడ్చాడు. నేను స్టూలు దిగబోతే మేనత్త వదల్లేదు. "ఏడ్వనీ," అంది. ఆయన ఏడుపు తగ్గేదాకా ముల్లును కదపలేదు.

తర్వాత తొమ్మిది కొట్టింది. ఈసారి మేనత్త నాయనను అడిగింది. "తొమ్మిదికి ఏం జేస్తాండెరా?"

"మగ్గంలో దిగమని నా పాణం తీస్తాండె," అన్నాడు నాయన. పంచెతో మొహం తుడుచుకుని గుంటలో దిగాడు.

నేత దారాన్ని కొట్టే పలక దెబ్బ పడగానే గోడ అదిరింది. గడియారం కుంటడం మొదలుపెట్టింది, ఒక టిక్కు పొడుగు, ఒకటి పొట్టి. ఇంకాసేపటికి ఆగిపోయింది. నాయన మొహం మళ్లీ మాడిపోయింది. మేనత్త పెట్టెను కిందా మీదా చూసి, అడుగు మూల దగ్గర ఆగింది. అక్కడ చెక్క మీద చిన్న మరక, గంజీ పసుపూ ఎండిన వేలిమరక. మగ్గం అదురుకు పెట్టె రోజూ కాస్త ఒరిగేదని అప్పుడు అర్థమైంది. అమ్మ అటూ ఇటూ పోతూ ఆ మూలను వేలితో ఒక రవ్వ నెట్టేది. మేమంతా రోజూ చూసి, దుమ్ము తుడుస్తోందనుకున్నాం.

మేనత్త లోలకాన్ని మళ్లీ ఊపి, ఆ మరక మీద నా వేలు పెట్టించింది. పెట్టెకు చెవి ఆనించి, టిక్కులు రెండూ సమానంగా వినపడేదాకా నెట్టాను. నాయన ఇక దాన్ని తీసుకుపొమ్మని అనలేదు. మేనత్త ఒట్టి చేతులతోనే ఆదోని బస్సెక్కింది.

ఇప్పుడు నాయన లేడు, మేనత్త లేదు, మా ఇంటాయన కూడా పోయాడు. ఆయన పోయినప్పుడు అందరూ నన్ను తొందరగా ఈ దుఃఖం దాటించాలని చూశారు. మనసు మళ్లించుకోమన్నారు, టీవీ పెట్టారు. నేను మాత్రం ఆయన టీ తాగే వేళకు ఆయన కుర్చీ దగ్గర కూర్చుని, ఏడుపు దానంతటది ఆగేదాకా ఏడ్చాను.

గడియారం నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా ఆగిపోతే, "గిర్రున తిప్పెయ్ అవ్వా" అంటుంది మనవరాలు. గిర్రున తిప్పను. ఎనిమిది దగ్గర వేలు తీసి, గోడ పట్టుకుని, అంతా మోగేదాకా నిలబడతాను. తర్వాత ఆ మూలను ఒక రవ్వ నెడతాను. అక్కడి మరక ఎప్పుడో నాదైపోయింది. దాని అడుగున అమ్మది ఉంటుంది.