అత్త కుట్టిన నల్ల ముసుగు

మొన్న డ్యూటీ దిగి లోకో షెడ్ గేటు దాటుతుంటే క్రేన్ డ్రైవర్ స్కూటర్ పక్కన నిలబడి కనిపించాడు. ఛప్రా నుంచి వచ్చి ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపే ఈ మనిషి, ఒకప్పుడు ప్రతి ఆదివారం నన్ను నలుగురి ముందూ ఎత్తి కింద పడేసేవాడు. ఇప్పటికీ మేం ఎక్కడ ఎదురుపడినా ముందు ఆయన నవ్వుతాడు, తరవాత నేను నడుం పట్టుకుంటాను. ఆ రోజు నవ్వలేదు. "అత్తాజీ నహీ రహీ" అన్నాడు, అత్త ఇక లేదని. పొద్దున లేచి టీ తాగి, కాస్త నలతగా ఉందని మళ్లీ పడుకుని, ఇక లేవలేదట.

అత్త ఎవరో ఇప్పటి కుర్రకారుకు తెలియదు కాబట్టి చెప్పాలి. ఆవిడ నాకు చుట్టం కాదు. మా కార్ఖానా ఊళ్లో సిద్ధగోరా అనే పేటలో ఫ్రీస్టైల్ కుస్తీలు ఆడే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. పెట్టింది మావయ్య, అంటే ఆవిడ భర్త. పలాస వైపు నుంచి కార్ఖానాలో కాంట్రాక్టు పనికి వచ్చి, కుర్రతనంలో కుస్తీలు పట్టి నడుం పోగొట్టుకుని, ఆ తరవాత మెడలో విజిల్ తగిలించుకుని రిఫరీ అయ్యాడు. పోస్టర్ మీద ఆయన బొమ్మే ఉండేది. ఊరంతా ఆయన్నే యజమాని అనుకునేది. మేమూ అనుకోనిచ్చాం, పాపం పెద్దమనిషి. ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో తేలేది మాత్రం అత్త వంటగదిలో. అవును, అంతా ముందే తేలేది. కంపెనీ మూతపడి ఇన్నేళ్లయ్యాక చెబితే తప్పు లేదు. అయితే పడటం మటుకు నిజంగానే పడేవాళ్లం.

కంపెనీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఇటుకల మీద చెక్కలు, వాటి మీద కొబ్బరిపీచు పరుపులు, ఆపైన సాక్చీ బజారు బట్టల షావుకారు దయతలచి ఇచ్చిన టార్పాలిన్. చుట్టూ తాళ్లు. తాడు మీద వాలితే అది మనిషిని తిరిగి లోపలికి విసరాలి. మా తాళ్లు మనిషితోపాటే వాలిపోయేవి. ఆడేవాళ్లం గుప్పెడుమందిమి, అందరం షిఫ్టు డ్యూటీల వాళ్లం. సైరన్ మోగిందంటే ఎంత భీకరమైన పోరాటమైనా అక్కడికక్కడ ఆగాల్సిందే. ఒకసారి ఒడియా వెల్డర్ నా గొంతు మీద మోకాలు ఆనించి ఉండగా సైరన్ మోగింది. అతను లేచి, నా చెయ్యి పట్టి లేపి, చెప్పులేసుకుని సైకిలెక్కి డ్యూటీకి పోయాడు. గెలిచిందెవరో తేల్చుకోలేక మావయ్య విజిల్ నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

కానీ అంత చిన్నది కాబట్టే మా ఆటకు ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని వచ్చేవారు. లోపల కొట్టుకునేవాడు వాళ్ల వీధివాడే. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర కనబడేవాడే. మాలో ఎవరికీ ఎముక విరగలేదు. ఎలా విరుస్తాం? ఎదుటివాడి పెళ్లాం ముందు వరసలో కూర్చుని మనల్నే చూస్తూ ఉండేది.

శనివారం సాయంత్రం అందరం అత్త ఇంట్లో భోంచేయాలి. ఆవిడ చేపల పులుసు కలుపుతూ ఒక్కొక్కరినీ ఇంటి సంగతులు అడిగేది. తెలుగువాళ్లను మా భాషలో, మిగతావాళ్లను తను హిందీ అనుకునే భాషలో. అంతా విని, అన్నం వడ్డిస్తూ తీర్పు చెప్పేది. ఇంట్లో దిగులున్నవాడు ఆ వారం గెలవాలి. ఆవిడకు తెలిసిన కుస్తీ సూత్రం అదొక్కటే.

"ఈ వారం ఈడు గెలవాల" అంది ఒకసారి వెల్డర్ని చూపిస్తూ. "కొడుకు పరీచ్చ పోయినాదని తలొంచుకు తిరగతన్నాడు. నలుగుర్నీ సప్పట్లు కొట్టనీ."

క్రేన్ డ్రైవర్ గోల పెట్టాడు. వెల్డర్ మీద పగ తీర్చుకుంటానని కిందటి ఆదివారమే మైకులో ఒట్టేశాను కదా అని అతని బాధ.

"పగేటి బాబూ, పై వారం తీరుతాది. ఎక్కడికి పోతాది?" అంటూ అత్త అతని పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

ఇది తెలిసి కద్మా పేట నుంచి వచ్చే కుర్రాడొకడు తెలివికి పోయాడు. భార్య అలిగి పుట్టింటికి వెళ్లిపోయిందని మొహం వేలాడేసుకు కూర్చున్నాడు. అత్త అయ్యో అనలేదు. వాడు వెళ్లేటప్పుడు గిన్నె నిండా పులుసు పోసి, "ఇది నీ పెళ్లానికియ్యి" అంది. "అలాగే అత్తా, పులుసంటే దానికి ప్రాణం" అన్నాడు వాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నెలంతా అత్త వాణ్ణి ప్రతి ఆటలోనూ ఓడించింది.

ఇలా నడిపితే కంపెనీ ఏం బాగుపడుతుంది? వీరుడనుకున్నవాడు వారం తిరిగేసరికి ఎందుకు ఓడాడో జనానికి అంతుబట్టేది కాదు. మా దగ్గర స్థిరంగా ఉన్న సంగతి ఒక్కటే, దుర్మార్గుడు ఎప్పుడూ ఓడేవాడు. ఆ దుర్మార్గుణ్ణి నేనే. పేరు కాలా నకాబ్. తలంతా కప్పే నల్ల ముసుగు, కళ్లకు రెండు కన్నాలు. ఆ ముసుగు పూర్వాశ్రమంలో అత్త లంగా అని బయటివాళ్లెవరికీ తెలియదు. నా నడకను బట్టి మన తెలుగువాళ్లు నన్ను గుర్తుపట్టేవారు. అయినా తెలియనట్టే తిట్టేవారు, మర్యాదస్తులు. ఆట ముందు అత్తే నా మెడ వెనక ముడి వేసేది. ఆ ముడి రాయే. క్రేన్ డ్రైవర్ నా వీపెక్కి ముసుగు లాగడం, జనం ముసుగు తియ్యమని "నకాబ్ ఉతారో!" అంటూ అరవడం, అది రాకపోవడం, ఇదీ మా ఆదివారం. నన్నొకసారి గెలిపించమని అడిగితే, "నీకు ఓడిపోడం బాగా వత్తాది నానా" అని నవ్వేసేది.

ఒక వేసవిలో కలకత్తా పెద్ద కంపెనీ మనిషొకాయన మా ఆట చూశాడు. చూసి, మీ దగ్గర ముసుగు తప్ప సరుకు లేదని మొహానే చెప్పాడు. దుర్గా పూజల దాకా అది తీయొద్దన్నాడు. పూజలకు తను వస్తానని, ఆ రోజు ఊరంతా చాటించి తీస్తే, జనం బాగా వస్తే, అందరినీ తన టూరుకు తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఇక మావయ్య నేల మీద నిలిస్తే ఒట్టు. ముసుగును ఇస్త్రీ చేయించాడు. క్రేన్ డ్రైవర్ కొత్త నిక్కరు కుట్టించుకున్నాడు. నేనూ రైళ్లలో ఊళ్లు తిరుగుతున్నట్టు కలలు కన్నాను. మా అందరి ఆశా ఆ లంగా ముక్క మీదే నిలబడింది.

వానాకాలంలో మా అమ్మ పోయినట్టు టెలిగ్రాం వచ్చింది. నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. తమ్ముడు అన్నీ చేసేశాడు. నేను చుట్టం చూపుగా వచ్చినవాడిలా అరుగు మీద కూర్చున్నాను. కన్నీళ్లు రాలేదు. కర్మ నాడు గుండు చేయించుకుని, మీసం తీయించుకుని, తిరిగి వచ్చి డ్యూటీలో చేరాను. ఏడుపు మటుకు ఎక్కడో ఇరుక్కుపోయింది.

శనివారం అత్త ఇంటికి వెళ్లాను. ఆవిడ నా గుండు చూసింది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. సూత్రం ప్రకారం ఈ వారం నాదేనని నాకు అనుమానం లేదు.

"రేపు నువ్వోడిపో నానా" అంది.

నాకు ఒళ్లు మండింది. "అందరి ఏడుపులూ కనబడతాయి గానీ నాది కనబడదా నీకు?" అని పళ్లెం ముందు నుంచి లేచిపోయాను. "నీ ఏడుపే కనబడత లేదురా" అంది వెనక నుంచి. వినిపించుకోలేదు.

ఆదివారం ఎప్పటిలా ఆవిడే ముడి వేసింది. ఆట మామూలుగానే సాగింది. నేను మోసాలు చేశాను, జనం తిట్టారు, క్రేన్ డ్రైవర్ నన్ను ఎత్తి పడేసి వీపెక్కాడు. "నకాబ్ ఉతారో!" అన్న కేకలు మొదలయ్యాయి. అతను నా చెవి దగ్గరకు వంగి, "మాఫ్ కర్నా భాయీ" అని క్షమాపణ అడిగాడు. ముడి ఒక్క లాగుకే వచ్చేసింది. అత్త ఆ రోజు లంగా బొందుకు వేసే జారుముడి వేసింది.

జనం ఒక్కసారి గొల్లుమన్నారు. తరవాత నా గుండు చూశారు. మీసం లేని మొహం చూశారు. ఆ మైదానంలో బిహారీలు, ఒడియాలు, బెంగాలీలు, మనవాళ్లు, అందరూ ఉన్నారు. ఆ గుండుకు అర్థం ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అరుపులు ఆగిపోయాయి. ప్రతి వారం నన్ను ముందు వరసలోంచి శాపనార్థాలు పెట్టే బిహారీ కూరగాయల ముసలమ్మ లేచి, తాళ్ల కిందుగా దూరి వచ్చి, కొంగుతో నా మొహం తుడిచింది. "మాయీ గుజర్ గయీ కా, బేటా?" అమ్మ పోయిందా అని అడిగింది. అంతే, నాకు ఏడుపు వచ్చేసింది. ఆ చెక్కల మీద బోర్లాపడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. క్రేన్ డ్రైవర్ భుజం మీది తువ్వాలు తీసి నా తల మీద కప్పాడు. ఆట అక్కడితో సరి. జనం చాపలు చుట్టుకుని చప్పుడు లేకుండా వెళ్లారు. వెళ్తూ వెళ్తూ కొందరు నా వీపు మీద చెయ్యి వేశారు.

మావయ్య ఆ సాయంత్రం వంటగది గుమ్మంలో తల బాదుకున్నాడు. "ఇంకేటుందే మనకి? కలకత్తావోడొత్తే ఏటి సూపిత్తాం?"

"ఆడి తల్లి సచ్చిపోతే ఆడు ఏడవనేదు" అంది అత్త. "గెలిత్తే సప్పట్లు కొడతారు. దగ్గరికెవులొత్తారు?"

కలకత్తా ఆయన పూజలకు వచ్చి, మొహమాటానికి ఒక ఆట చూసి వెళ్లిపోయాడు. పెద్ద కంపెనీ అయితే ఆ ముసుగును ఏడాది పాటు అమ్ముకునేది. మాది ఒక వానాకాలపు ఆదివారం, పోస్టరైనా లేకుండా, ఒక్క మనిషి కోసం ఖర్చు పెట్టేసింది. ఆ తరవాత నన్ను తిట్టేవాళ్లే లేరు. నేను మోసం చేసినా పిల్లలు చేతులూపేవారు. దుర్మార్గుడు లేని కుస్తీ ఎన్నాళ్లు నడుస్తుంది? ఇళ్లలోకి టీవీలు వచ్చేసరికి ఆ కాస్తా ఆగిపోయింది. మావయ్య కూడా పోయాడు. ఆ రోజు నా మీద ఆవిడ పెట్టిన ఖర్చుకు నేనేం చేసినా చాలదని నాకు తెలుసు.

ముసుగును అత్త పారేయలేదు. పెరట్లో బీరపాదు దగ్గర కర్ర పాతి, దాని మీద కుండ బోర్లించి, ముసుగు తొడిగి దిష్టిబొమ్మ చేసింది. "నీ మొకానికి జడిసి దిష్టి దగ్గరకి రాదు" అని నన్ను ఉడికించేది. ఎండకూ వానకూ అది చివికిపోతే మళ్లీ అదే కొలతతో కొత్తది కుట్టేది.

నిన్న క్రేన్ డ్రైవర్, నేను సిద్ధగోరా వెళ్లాం. అత్త కూతురు కుట్టుమిషను మీద నుంచి కొత్త ముసుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కిందటి వారమే అమ్మ కుట్టింది అన్నయ్యా, తొడగనేదు. మీరు తొడిగీయండి" అంది. పెరట్లోకి వెళ్లాం. నేను కర్ర కదలకుండా పట్టుకున్నాను. ఆయన పాత ముసుగు ముడి విప్పబోయాడు. ఇది జారుముడి కాదు, అత్త అసలు ముడి. ఎంతసేపు తంటాలు పడ్డా రాలేదు. చివరకు పళ్లతో లాగి విప్పి, నెమ్మదిగా ముసుగు పైకి తీశాడు. కింద కుండ నున్నగా, గుండ్రంగా, బోడిగా ఎండలో మెరిసింది.

కొత్త ముసుగు నా చేతిలోనే ఉండిపోయింది. క్రేన్ డ్రైవర్ భుజం మీది తువ్వాలు తీసి కుండ మీద కప్పాడు.