ఆస్టా తెల్ల గుర్రానికి చుక్కల పిల్లలు

ఆస్టా బ్రోగార్డ్ పదహారో ఏట పాలబండి ఎక్కింది. హోల్బెక్ అనే ఊరి చుట్టుపక్కల పొలాల నుంచి పాలకేంద్రానికి ఇరవై ఏళ్లు బండి తోలింది. దానికి ఎప్పుడూ చుక్కల గుర్రాలనే కట్టింది. లారీలు వచ్చాక ఊళ్లో వాళ్లు గుర్రాలను కసాయికి తోలేశారు. ఆస్టా ఒక ఆడగుర్రాన్ని మాత్రం అట్టే పెట్టుకుంది.

ఆ చుక్కల జాతికి మూలపుటమ్మ 1812లో ఒక మాంసం బండి లాగిన గుర్రమని అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్నాబ్‌స్ట్రుప్ జమీందారు దాన్ని కొన్నాకే ఈ సంతతి పెరిగింది. అలాంటి చుక్కల గుర్రాలను ఇరవై ఐదు వేల ఏళ్ల కిందటే మనుషులు గుహల గోడల మీద గీశారు. 1970 వచ్చేసరికి దేశంలో మిగిలినవి బహు కొద్ది. అమెరికా నుంచి మగగుర్రాలను తెప్పిద్దామని ఆ జాతి పెంపకందార్ల సంఘంలో మాట.

అప్పుడే ఆస్టా గుర్రం ఈనింది. మగపిల్ల. ఒళ్లంతా తెలుపు, తుంటి మీద మాత్రం నాలుగు చుక్కలు. రిమ్ అని పేరు పెట్టింది.

సంఘం తరఫున గుర్రాలను పరీక్షించే వెర్నర్ పందుల రైతు, నోటి దురుసు మనిషి. రెండేళ్లు నిండిన రిమ్‌ను చూసి పగలబడి నవ్వాడు.

"ఏమమ్మా ఆస్టా, పాలబండి మానేసినా దీన్ని పాలలోనే ముంచి తీశావే! విత్తన గుర్రమని దీనికి ముద్ర వెయ్యను. విత్తు కొట్టించెయ్."

"తెల్లగా పుట్టిందే అసలు విత్తనమని మా తాత చెప్పేవాడు. చుక్కలు లోపల దాచుకుని పిల్లలకిస్తుందట. క్నాబ్‌స్ట్రుప్ లాయంలో నలభై ఏళ్లు పనిచేశాడాయన."

"మందు కొట్టి చెప్పుంటాడు."

"మందు కొట్టే చెప్పాడు. అబద్ధం మాత్రం చెప్పలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేసరికి వెర్నర్‌కు రోషం వచ్చింది. "సరే. చుక్కల్లేని మూడు మామూలు ఆడగుర్రాలకు కట్టించు. మూడు పిల్లలకూ చుక్కలు రావాలి. ఒక్కటి తప్పినా కత్తి పట్టుకుని నేనే వస్తా."

మరుసటి వసంతంలో మొదటి రెండు పిల్లలూ ఒంటినిండా చుక్కలతో పుట్టాయి. మూడోది పక్క పొలం ఎగోన్ గుర్రానికి పుట్టింది. ఎగోన్ ఫోన్ చేశాడు.

"ఆస్టా, కొంప మునిగింది. ఇటుకలా ఎర్రగా ఉంది. భూతద్దం పెట్టి వెతికినా చుక్క లేదు."

ఆమె సైకిలెక్కి వెళ్లింది. పిల్ల కాలెత్తి గిట్ట చూసింది. గిట్ట మీద నిలువు చారలున్నాయి. కంటిపాప చుట్టూ మనిషి కన్నులా తెలుపుంది. రెండూ చుక్కల జాతి గుర్తులే.

"కంగారు పడకు. పుట్టు వెంట్రుక రాలనీ."

"రాలకపోతే?"

"అప్పుడు పడదాం కంగారు."

ఆగస్టు ప్రదర్శన నాడు తీర్పు. వేసవంతా ఆస్టా రోజూ వచ్చి ఆ పిల్లను దువ్వింది. "దువ్వుతున్నావా, గీకుతున్నావా?" అని ఎగోన్ విసుక్కునేవాడు. జూలై చివర్లో ఎర్ర వెంట్రుక కుచ్చులు కుచ్చులుగా ఊడింది. తుంటి మీద మంచు కురిసినట్టు తెలుపు, ఆ తెలుపులో ఎర్ర చుక్కలు. మొదట చూసింది ఎగోనే. టోపీ గాల్లోకి విసిరాడు.

ప్రదర్శన మైదానంలో వెర్నర్ ఆ పిల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"రంగేశావా?"

"నాకంత ఓపికే ఉంటే ముందు మా వాకిలి తలుపుకి వేసుకుందును."

వెర్నర్ బొటనవేలు ఉమ్మితో తడిపి చుక్క మీద రుద్దాడు. గట్టిగా రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. పిల్లకు చిరాకేసి తన్నబోయింది. జనం ఈలలు వేశారు. అతను మైకు దగ్గరకు నడిచి, రిమ్‌ను విత్తన గుర్రంగా ఒప్పుకున్నట్టు తానే చదివి, ముద్ర తానే వేశాడు. ఆస్టా తెల్ల గుర్రాన్ని మైదానం చుట్టూ తిప్పుతుంటే జనమంతా లేచి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత పదహారేళ్లలో రిమ్‌కు నూటికి పైగా పిల్లలు పుట్టాయి. కొన్ని చుక్కలతోనే పుట్టాయి, కొన్నిటికి తర్వాత తేలాయి. రానిది ఒక్కటీ లేదు. అదంతా తర్వాతి మాట; ప్రదర్శన జరిగిన సాయంత్రమే గేటు దగ్గర వెర్నర్ గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇంట్లో కూడా ఒక ఆడగుర్రం ఉంది..."

"నీ ముందు పదకొండు మంది ఉన్నారు వెర్నర్," అంది ఆస్టా. "పేరు రాయించుకుని వరసలో నుంచో."