రీలులో రెండో సగం

పోయినవి ముందు చెబుతాను. పద్దెనిమిది మంది ముఖాలు. ఒక లెన్స్‌కున్న మంచిపేరు. ఒక మనిషికి తన పనిమీదున్న నమ్మకం. ఏడేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మీకే మొదట చెబుతున్నాను.

తాండూరు ఫొటోగ్రాఫర్ అంజన్నకు అప్పుడు చేయి విరిగింది. మూతపడబోతున్న నాపరాళ్ల గనిలో ముప్పై ఆరుగురు పనివాళ్లకు తలా ఒక ఫొటో ఇస్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. వికారాబాద్ నుంచి నన్ను పిలిచి తన రీలు కెమెరా, తొలి సంపాదనతో కొన్న పాత లెన్స్ చేతిలో పెట్టాడు.

నా దగ్గర అదే కెమెరాకు బిగిసే కొత్త లెన్స్ ఉంది. రెండింటిలో ఏది మేలో తేల్చాలనిపించింది. సగం మందిని పాతదానితో తీశాను, మిగతా సగం మందిని కొత్తదానితో.

కొత్త లెన్స్‌లో వెలుగు ఎంత రావాలో కెమెరాయే సర్దాలి. పాత కెమెరాకు అది చేతకాదు. చూసేటప్పుడు అంతా వెలుగుగానే ఉంది, కానీ మీట నొక్కిన క్షణంలో లెన్స్ లోపల వెలుగుకు దారి వదిలే రెక్కలు ముడుచుకుపోయి, నేను లెక్కగట్టినదానిలో ముప్పై రెండో వంతు వెలుగే రీలుకు అందింది. రీలు కడిగితే మొదటి సగంలో మనుషులున్నారు, కనుబొమల మీది రాతిపొడితో సహా. రెండో సగమంతా చీకటి.

అంతవరకూ పొరపాటే. తర్వాతదాన్ని అలా అనలేను. అంజన్న ముందు సగాలు మార్చి చెప్పాను.

"మంచిగొచ్చినవి నా లెన్స్‌వి అన్నా. నీ దాంట్ల రెక్కలు జిగురుపట్టి ఇరుక్కున్నయ్."

ఆయన ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. "మస్తున్నయ్ తమ్మీ. నీ కొత్తదే గెలిచింది పో. నాది నా లెక్కనే ముసల్దైంది. ఎవరి పెండ్లిలనో పరువు తీయకముందే తెల్సింది, మంచిదే."

ఆయన మెచ్చుకున్నవి ఆయన లెన్స్ తీసినవే. ఆ మాట ఎందుకు నోట రాలేదు? లెక్క తప్పిందనడం అంత కష్టమా? నలుగురిలో నన్ను లెక్కల మనిషని పిలిచింది ఆయనే, ఆ పేరు నిలుపుకోవడానికి ఆయన చేతిలోని పనే తీసేశానా? కట్టు విప్పాక కూడా ఆయన మళ్లీ కెమెరా పట్టలేదు.

మీరు చదివాక ఈ కాగితం రేపు అంజన్నకిస్తాను. క్షమిస్తాడా అన్నది నేను లెక్కలో వేసుకోలేదు. రాస్తుంటేనే ఊపిరి నిండుగా అందుతోంది. గని మూతపడ్డాక పనివాళ్లు చెదిరిపోయారు. బొంరాస్‌పేట, కుల్కచర్ల వైపు తిరిగి ఏడుగురిని వెతికి ఫొటోలు తీసిచ్చాను. ఇంకా పదకొండు ముఖాలు బాకీ.