నా ఫంట కొట్టేసినవాడు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక ఫెయిలయ్యాను. రెండోసారి అర్థమై మానేశాను. దయ్యాలను నమ్మడానికైనా కాస్త చదువుండాలేమో, నాకు అదీ లేదు. ఎవరికైనా పూనకం వస్తే, ఊగే ముందు చెప్పులు జాగ్రత్తగా పక్కన విడిచారా లేదా అని గమనించే రకం నేను. కాబట్టి ఈ సంగతి భయపడి చెప్పడం లేదు. కోపంతో చెబుతున్నాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు.

తమిళనాడులో, గుడియాత్తంలో నాకు అద్దె నవలల అంగడి ఉండేది. అన్నీ డిటెక్టివ్ నవలలే, ఎక్కువ తమిళం, కొన్ని తెలుగు. కేబుల్ టీవీ వాళ్ళు అప్పుడప్పుడే వీధుల్లో వైర్లు లాగుతున్న కాలం. మా వైపు తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. నాకు మా అమ్మమ్మ తమ్ముడు కొన్ని అక్షరాలు చూపించి పోయాడు. మిగతావి చిత్తూరు నుంచి వచ్చే పొట్లాల కాగితాల మీద నేనే ఊహించుకున్నాను. అవి నేర్పినవాడు లేడు, దిద్దినవాడూ లేడు. ఈ మాట గుర్తుంచుకోండి.

చదువు లేకపోయినా, ఎవరికి ఏ నవల ఇవ్వాలో నాకు బాగా తెలుసు. కొత్తగా పెళ్ళైనవాడికి మొగుడు పెళ్ళాన్ని చంపే కథ ఇవ్వను. అత్తతో పడని కోడలికి విషం కథ చూపించను. అద్దె ఇల్లు వెతుక్కునేవాడికి పాత బంగళా నవల అందనివ్వను.

ఇంకో నియమం కూడా ఉండేది. నవల కొనగానే, హంతకుడు బయటపడే చివరి పేజీలన్నీ కలిపి స్టేప్లర్ పిన్ను కొట్టేసేవాణ్ణి. ముందే చివర తిరగేసేవాళ్ళంటే నాకు పరమ అసహ్యం. తాళి కట్టకముందే పంక్తిలో కూర్చుని పాయసం అడిగే రకం వాళ్ళు. అంతెందుకు, పిన్ను వెనక ఏముందో నేను కూడా చదివేవాణ్ణి కాదు. తెలిస్తే నా నవ్వే పట్టిచ్చేస్తుంది.

మునిరత్నం మేస్త్రీ నాకు పెద్దదిక్కు. బడి మానేశాక ఆయన దగ్గరే సిమెంటు కలిపాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక, కడుతున్న ఇంటి నీడలో నేను నవల చదవడం, ఆయన వినడం అప్పటి అలవాటు. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కేబుల్ వైర్లు లాగిన ఆ ఏడు ఆయన సారం మీది నుంచి, అంటే గోడకట్టుకు నిలబెట్టే కర్రల మంచె మీది నుంచి, జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. వేలూరులో ఆస్పత్రిలో పెట్టారు.

నేను కొత్త తెలుగు నవల ఒకటి పట్టుకుని పోయాను. అట్ట మీద తుపాకీ. తుపాకీ కథే కదా, ఆస్పత్రిలో ఫరవాలేదనుకున్నాను. జమీందారు బంగళాలో ఖూనీ, ఇంటినిండా అనుమానితులు. పోయినప్పుడల్లా కొంత చదువుతూ వచ్చాను. సరిగ్గా పిన్ను దగ్గరికి వచ్చేసరికి నర్సమ్మ వచ్చి, చూడవచ్చినవాళ్ళందరినీ బయటికి పొమ్మంది. మర్నాడు పొద్దున ఆపరేషన్.

మూడంతస్తుల గోడ అంచున నిలబడి బీడీ కాల్చే మనిషి, ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేయ్ అప్పా, మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదో. ఖూనీ చేసింది ఎవురో తెలీకుండా నన్ను లోపలికి పంపద్దురా. పొద్దున్నే వచ్చి చదివేసి పో."

"వస్తా మేస్త్రీ. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టుకు విలువేముండాది? పుస్తకం మీద పెట్టు."

పుస్తకం మీదే పెట్టాను.

మర్నాడు మొదటి బస్సే ఎక్కాను. కే.వి.కుప్పం దాటి లత్తేరి దగ్గర బస్సు ఆగిపోయింది. ఎవరో నాయకుడికి ఎక్కడో అవమానం జరిగిందట, జనం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. నాయకుడి పరువుకూ మా మేస్త్రీ తొడ ఎముకకూ ఏం సంబంధమని అడిగాను. కొట్టబోయారు. ఒళ్ళో సంచీ, సంచీలో నవల, ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే పడి ఉన్నాను.

వేలూరు చేరేసరికి మేస్త్రీని లోపలికి తీసుకుపోయి చాలాసేపయింది. ఆయన భార్య సరోజక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏమప్పా, మళ్ళీ వచ్చినావా?" అంది.

"మళ్ళీ ఏందక్కా? ఇప్పుడే కదా వస్తాండా."

"సాల్లే నీ తమాషా. పొద్దున వచ్చి చదివేసి పోతివి కదా. ఆయన నవ్వతానే లోపలికి పోయినాడు."

నేనెంత చెప్పినా నమ్మలేదు. బతుకంతా తమాషాలు చేసినవాడికి ఇదే శిక్ష, నిజం చెబితే జనం ఇంకా నవ్వుతారు. అంతలో నర్సమ్మ వచ్చింది. ఇంకోసారి పేషెంటును అంత గట్టిగా నవ్వించావంటే గేటు దగ్గరే ఆపించేస్తానని తమిళంలో దులిపేసింది. చెయ్యని తప్పుకు తిట్లు! అక్కను అడిగితే, ఇదే గళ్ళ చొక్కా అంది. మంచం కాళ్ళవైపు నిలబడి చదివానట. కాఫీ ఇస్తే వద్దన్నానట. నేనెప్పుడైనా కాఫీ వద్దన్నానా? అక్కడైనా అనుమానం రావద్దూ ఆవిడకు?

మేస్త్రీకి బాగా తెలివి వచ్చాక, నేను అడక్కముందే ఆయనే మొదలుపెట్టాడు.

"డాక్టరే కదరా చంపినోడు! ఇంజక్షన్ సూదితో. గడియారం ఫంట కొట్టేటప్పుడు ఆ సద్దులో తలుపు తీసుకోని పొడ్సినాడు. బలే సదివినావురా!"

సంచీలోంచి నవల తీశాను. పిన్ను వేసింది వేసినట్టే ఉంది. తీసి మళ్ళీ కొట్టిన గుర్తు లేదు, కాగితం మీద రెండో చిల్లు లేదు.

నా అనుమానం పక్క మంచం వాళ్ళ మీదికి పోయింది. అక్కడ చిత్తూరు వైపు బడిలో తెలుగు చెప్పే అయివారు ఒకాయన తన తండ్రికి తోడుగా ఉన్నాడు. ఈ నవల ఎక్కడో చదివి, నా పేరు చెప్పి ముగించేసి ఉంటాడని ఆయన మీద ఎగిరాను. ఆయన పాపం నవల పేరు కూడా విన్లేదన్నాడు. అయితే అందరి ముందూ మీరే పిన్ను తీసి చదవండన్నాను.

తీశాడు, చదివాడు. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టే ఉంది. డాక్టరు, సూది, తలుపు. గడియారం దగ్గరికి రాగానే అయివారు "ఘంట మోగింది" అని చదివాడు.

మంచం మీంచి మేస్త్రీ అడ్డం తగిలాడు. "ఘంట కాదు అయివారూ, ఫంట. సూసి సదవండి."

అయివారు నవ్వి, పుస్తకం నా ముందు పెట్టి ఆ అక్షరం మీద వేలు పెట్టాడు. అది 'ఫ' కాదు నాయనా, 'ఘ' అన్నాడు.

నాకు తెలిసింది అప్పుడే. పొట్లం కాగితాల మీద నేను తప్పుగా ఊహించుకున్న అక్షరాల్లో అదొకటి. అన్నేళ్ళుగా ఎన్ని నవలల్లో ఎన్ని ఫంటలు కొట్టానో లెక్కే లేదు. నవ్వు రావలసిన చోట నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తెలుగు బడిలో చదువుకున్న ఏ మనిషీ దాన్ని 'ఫంట' అని చదవడు. అలా చదివేవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఆ నేను లత్తేరి రోడ్డు మీద ఎండలో ఉన్నాను.

భయపు కల అయి ఉంటుందన్నాడు అయివారు. కల మేస్త్రీకి వస్తే, సరోజక్కకూ నర్సమ్మకూ వచ్చిందా? వచ్చిందే అనుకున్నా, పిన్ను వెనకాల ఉన్నది కలలోకి ఎట్లా వచ్చింది? ఆయన పిన్నును వెలుతురుకు పెట్టి చూసి, నా చేతిలో పెట్టేశాడు.

నా చొక్కా వేసుకున్నాడు, సరే. నా ఒట్టు వాడు తీర్చాడు, అదీ సరే. కానీ ఆపరేషన్‌కు పోయే మనిషికి, చంపింది డాక్టరేనని చెబుతాడా ఎవడైనా? ఎవరికి ఏ కథ చెప్పాలో ఆమాత్రం తెలియదా? నేనే అయితే పిన్ను తీసి, రెండు వాక్యాలు చూసి, కారు డ్రైవరే చంపాడని అబద్ధం చదివి ఉందును. పైగా నా తప్పు కూడా దొంగిలించాడు. లోకంలో నాకంటూ సొంతంగా ఉన్నది అదొక్కటే.

మేస్త్రీ చేతికర్రతో నడవడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లో కొత్త నవల మొదలుపెట్టాను. రెండో అధ్యాయంలోనే గడియారం వచ్చింది. ఈసారి జాగ్రత్తగా, నోరంతా తెరిచి, "ఘంట మోగింది" అని చదివాను.

మేస్త్రీ కర్ర నేలకేసి కొట్టాడు.

"ఏందిరా అది, ఘంట గింట అంటా? నీకు సదవను రాకుంటే రాదని సెప్పు. ఆ పొద్దు వచ్చినోడు సక్కంగా ఫంట అని సదివినాడు. యాడుండాడో సూసి, పోయి వాణ్ణి పంపించు."