ఒడిబియ్యం రూపాయికి గ్రేడు

తింటున్న అన్నం మీద ఒట్టు, ఆలంపూర్ జోగులాంబ మీద ఒట్టు, అదీ చాలకపోతే నా నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఎనభయ్యో దశకం నడుమ నేను విత్తనాల కంపెనీ సంచీ భుజాన వేసుకొని నల్గొండ, పాలమూరు జిల్లాల్లో బస్సులు పట్టుకు తిరిగేవాణ్ణి. తిరిగిన చోటల్లా పాత నాణేలు ఏరేవాణ్ణి. చిల్లుకానీలు, రాగి పైసలు, ఎవరూ తీసుకోని అర్ధణాలు. ఏడాది తిరిగేసరికి బిస్కెట్ల డబ్బా నిండింది, దానికన్నా ముందే నా తల నిండింది. నాణేల విషయంలో నన్ను మించినవాడు రెండు జిల్లాల్లో లేడనుకున్నాను. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన వాడికి మొదటి ఏడాది వచ్చే జబ్బు అది. కొందరికి ఎప్పటికీ తగ్గదు.

ఆ డబ్బాలో చేరనిది మా అవ్వ రూపాయి ఒక్కటే. నల్లగా మసిబారిన నిజాం కాలపు రూపాయి. అవ్వ పెండ్లినాడు వాళ్ల నాయిన ఒడిబియ్యంలో పెట్టి పంపిన రూపాయి అది. గోడ అవతల అవ్వ తోడికోడలు ఉండేది. నేను చిన్నవ్వ అనేవాణ్ణి. ఏ చిన్న తగాదా వచ్చినా ఆమె చివరికి అక్కడికే వచ్చేది. అవ్వ వాళ్ల నాయిన వెండి రూపాయని చెప్పి బిడ్డ ఒడిలో సీసం బిళ్ల పోసి పంపాడని.

ఒకరోజు అవ్వ ఆ రూపాయిని నా చేతిలో పెట్టింది. "కొడుకా, గిది ఎండేనని చదువుకున్నోళ్లతోని కాయితం రాపిచ్చుకరా. నేను పొయ్యేలోపు గా మాట ఆగాలె. మా నాయిన దొంగోడు కాదు."

నాణెం అసలుదా నకిలీదా, ఎంత అరిగింది, ఏ తరగతిది అని చూసి గ్రేడు వేసి కాగితం ఇచ్చేవాళ్లు ఉంటారని వారపత్రికలో చదివి ఉన్నాను. వాళ్లలో మంచివాణ్ణి ఎంచుకోవడమే నా పని. ఎంచుకోవడం నాకు బాగా తెలుసు గదా మరి.

ముందు నల్గొండలో ఒక అవుసలాయన దగ్గరికి పోయాను. బంగారం, వెండి తెలిసినవాడు. రూపాయిని చూడను కూడా చూడకుండా ఉలి తీశాడు. గాటు పెడితేనే కడుపులో ఏముందో తెలుస్తుందట. రోగమేమిటో తెలుసుకోవడానికి మెడ కోసి చూసే దవాఖాన అది. రూపాయి లాక్కుని బయటపడ్డాను.

తర్వాత నార్కట్‌పల్లిలో బస్సు మారుతుంటే, హోటల్ ముందర బల్ల మీద ఒక పెద్దమనిషి కనిపించాడు. పాత రూపాయలు పరీక్ష చేస్తాడని పేరు. నోట్లో మూడే పళ్లు. పైపన్ను వెండికట, కిందిపన్ను బంగారానికట, మూలనున్నది నకిలీలకట. మూడింటితో వరుసగా కొరికి, కండ్లు మూసుకొని, లారీల హారన్లు మోగుతుంటే ఏదో విన్నట్టు తల ఊపి, పదణాల వెండి అని తేల్చాడు. రూపాయికి పదహారణాలు గదా, మిగిలిన ఆరణాలు ఏమిటని అడిగాను. నా బస్సు వచ్చిందని వేలు చూపించాడు.

ఇక పత్రికలో ప్రకటనలిచ్చిన వాళ్లకే రాశాను. రెండు చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. ఒకటి ఉత్త పోస్టుకార్డు, చేతిరాత. నాణేన్ని తోమవద్దు, కడగవద్దు, ఎట్లా ఉంటే అట్లాగే పంపండి, చూసి ఉన్నదున్నట్టు రాస్తాం అని. రెండోది రంగుల కరపత్రం. దాని మీద రెండు ఏనుగులు, ఒక త్రాసు, బంగారు రంగు ముద్ర. కార్డు ముక్క మీద రాసేవాడికి గ్రేడు వేసే అర్హత ఏముంటుంది? ఏనుగులకే పంపాలని నిశ్చయించుకున్నాను. కార్డులో రాసిన తోమవద్దనే మాట అవ్వకు చెప్పేలోపే ఆమె రూపాయిని చింతపండు వేసి తోమేసింది. చుట్టాలింటికి పోయే గిన్నెనైనా తోమకుండా పంపని ఇల్లు మాది.

నెలన్నరకు ప్యాకెట్టు వచ్చింది. రూపాయిని ప్లాస్టిక్‌లో పెట్టి అంచులు అంటించారు. అవ్వా చిన్నవ్వా అరుగు మీద కూర్చున్నారు. నేను గొంతు సవరించుకొని కాగితం చదివాను. శ్రేణి, మహోత్తమం. కాంతి, అద్దం వంటిది. కాలం, ప్రాచీనం. ముద్ర, కోట. రూపాయి మీదున్న చార్మినార్‌ను కోట అన్న ఆ పండితుడికి నేను పెట్టిన మొక్కులు ఇక్కడ రాయలేను. ఆ ఊపులో కింది వరుస కూడా చదివేశాను. లోహం, వెండి వంటిది.

"ఎండి అసొంటిదా?" అంది చిన్నవ్వ. "గదే గద అక్కా, నలభై ఏండ్ల సంది నేను గూడ అనేది."

ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు.

పాలమూరు బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే ఒక ముసలి సాయిబు ఉండేవాడు. పాత ఉర్దూ, ఫారసీ కాగితాలు చదువుతాడని ఆఫీసుల వాళ్లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఏడాదిగా ఆ దుకాణం ముందు నుంచే తిరుగుతున్నా నేను ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు. బోర్డు లేదు, ముద్ర లేదు, ఏనుగుల మాట సరేసరి. గతిలేక పోయాను.

ఆయన బ్లేడుతో ప్లాస్టిక్ కోసి, కంటికి భూతద్దం బిగించుకొని, రూపాయిని అటూ ఇటూ తిప్పాడు. "చార్మినార్ నడిమి దర్వాజల మీమ్ అక్షరం ఉన్నది, జర సూడు బేటా. కడపటి నిజాందైతె గాడ ఐన్ అక్షరం ఉంటది. ఇది ఆయన నాయిన కాలపుది. అస్సలు ఎండి." రూపాయిని వెలుతురుకు పట్టి, "దీన్ని తోమిందెవరు?" అన్నాడు.

మా అవ్వ అన్నాను.

ఆయన భూతద్దం తీసి నా ముఖం చూశాడు. "అవ్వలు బూడిదతోని తోముతరు. గీ గీతలు ఇసుకవి." ముట్టుకోకుండా ఉంటే పైతరగతి నాణెమయ్యేదని, ఇప్పుడు సేకరించేవాడెవడూ దీనికి ఏ తరగతీ ఇవ్వడని చెప్పాడు. రిపేరు చీటీ వెనకాల తెలుగులో మూడు వరుసలు రాసిచ్చాడు. పైసలు తీసుకోలేదు.

ఇంటికొచ్చి ఇద్దరి ముందూ చీటీ చదివాను. చిన్నవ్వ రూపాయిని అరచేతిలో చాలాసేపు పెట్టుకుంది. వెండేనని ఒప్పుకుంది. తర్వాత, ఇన్నేండ్లు నల్లగా ఉన్నది ఇప్పుడింత తెల్లగా ఎట్లయిందని అడిగింది.

అవ్వ నా దిక్కు చూసింది. "నేనే తోమిన" అంది.

సీసం మాట ఆ రోజుతో ఆగింది. కొత్తమాట మొదలైంది. "మీ నాయిన మంచిదే పెట్టిండు, నువ్వే ఖరాబు చేసినవ్ అక్కా."

ఇక ఒట్టు సంగతి. మూడు పళ్ల మనిషిని నేనే పుట్టించానని మీరు అనుకుంటారు. లేదు, ఉన్నాడు. ఏనుగులూ ఉన్నాయి. నేను కల్పించింది ఒక్కటే. అవ్వ ఆ రూపాయిని తోమలేదు. పోస్టుకార్డు రాకముందూ తోమలేదు, తర్వాతా తోమలేదు. గుడ్డలో చుట్టి ఇస్తూ, "నల్లగున్నదని సిగ్గువడకు, ఎండి నల్లవడ్తది" అని కూడా చెప్పింది. ఏనుగుల వాళ్లకు నల్లరూపాయి పంపడానికి నాకే నామోషీ అయింది. నల్గొండ పోస్టాఫీసు పక్కన కుళాయి దగ్గర కూర్చుని, చింతపండూ ఇసుకా కలిపి, మెరిసేదాకా రుద్దాను. కార్డు అప్పుడు నా జేబులోనే ఉంది.

చిన్నవ్వ అనే ఆ మాటను అవ్వ పోయేదాకా పడింది. నేను పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.