ఏ కన్నుకి కట్టాలి

మా పెద్దపిల్ల ఒకటో క్లాసులో ఉండగా స్కూలు నుంచి ఒక చీటీ వచ్చింది. పిల్ల బోర్డు మీద ఉన్నది తప్పుగా ఎక్కించుకుంటోందట, పాఠం మీద ధ్యాస లేదట, ఇంట్లో కాస్త చూసుకోమని. డెబ్బైల ఆఖరు రోజులవి. హిందీవాళ్ళ ఊరు బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన గూడ్సుబండికి గార్డు. చీటీ ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా రెండు రోజులు అది పప్పు డబ్బా కింద పడి ఉంది. వచ్చి చదివి, "ధ్యాసంట. నాలుగు తగిలిత్తే అదే వత్తది" అని తువ్వాలు అందుకుని స్నానానికి పోయారు.

నాకు అప్పటికే అనుమానం ఉంది. చదివేటప్పుడు పిల్ల తల ఒక పక్కకి వంచేది. అలిసిపోయినప్పుడు ఎడమ కనుగుడ్డు ముక్కు వైపుకి జరిగేది. గ్లాసు అందిస్తే గ్లాసుకి ఇవతల చెయ్యి పెట్టి, దొరక్క మళ్ళీ వెతుక్కునేది. ఈ మాట మా అత్తగారి దగ్గర ఎత్తితే, "మెల్లకన్ను ఆడపిల్లకి మంచిదే. డాక్టరు కాడికి తీసుకెల్లి నలుగురికీ సూపించకు" అనేవారు. పక్క క్వార్టరు ఒడియా ఆవిడ బొప్పాయి పెట్టమంది. ఇంకొకావిడ తేనె చుక్క వెయ్యమంది. కన్నెలా ఉందో చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు.

నెల రోజులు పోరాను. చివరికి మా ఆయనకి రెస్టు దొరికిన రోజున మినీబస్సెక్కి టౌన్లో సాక్చీ వైపు ఉన్న ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మేడ మీద క్లినిక్కు. పిల్ల కళ్ళలో చుక్కలు వేసి గంటన్నర కూర్చోబెట్టారు. లోపల డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూశారు. తర్వాత మాట్లాడింది మొత్తం మా ఆయనతోనే. పిల్లని ఒళ్ళో పెట్టుకున్నది నేను, ఇంట్లో చూసుకోవలసింది నేను. డాక్టరు మాత్రం నా వైపు తిరగలేదు. సగం ఇంగ్లీషు, సగం హిందీ. మా ఆయన "ఎస్సార్, ఎస్సార్" అంటూ తల ఊపుతున్నారు. నాకు అర్థమైనంత మట్టుకు ఇదీ: కళ్ళజోడు పెట్టాలి, దానితోపాటు రోజూ కంటికి పట్టీ వెయ్యాలి, పిల్ల ఏడుస్తుంది, పీకేస్తుంది, లొంగకూడదు. ఎనిమిదేళ్ళు దాటితే ఇక ఎవరూ ఏం చెయ్యలేరు. పిల్లకి అప్పటికి ఆరున్నర.

పక్క గదిలో కాంపౌండరు పట్టీ వేసి చూపించాడు. దూది, దాని మీద గుడ్డ, పైన తెల్ల ప్లాస్టరు. ఎడమ కంటికి వేశాడు. "రోజ్ ఐసే హీ" అన్నాడు, రోజూ ఇలాగే అని. మా ఆయన అప్పటికే కిందికి వెళ్ళిపోయారు, కళ్ళజోడు షాపు మూసేస్తారని. నాకు తప్పేమీ అనిపించలేదు. మోకాలికి దెబ్బ తగిలితే ఆ మోకాలికే కదా కట్టు కడతాం.

ఆ మర్నాటి నుంచి స్కూలు నుంచి రాగానే పట్టీ వేసేదాన్ని. ఏడుస్తుందన్నారని ముందే గుండె రాయి చేసుకుని ఉన్నాను. పిల్ల ఏడవలేదు. పట్టీతోనే ఆడింది, పట్టీతోనే హోంవర్కు చేసింది, పట్టీతోనే గోడెక్కి జామకాయ కోసింది. మా అత్తగారు కూడా మెత్తబడ్డారు. "బంగారు తల్లి. సెప్పిన మాట ఇంతది" అని అందరికీ చెప్పుకున్నారు.

ఆరు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న మా అత్తగారి సూదిలో దారం ఎక్కడం లేదు. పిల్ల అందుకుని, పట్టీ ఉండగానే, ఒక్క పోటుతో ఎక్కించేసింది. ఆవిడ మురిసిపోయారు. నాకు మాత్రం అనుమానం తగిలింది. ఏడుస్తుందన్న పిల్ల ఒక్కరోజైనా ఏడవదేం?

మా ఆయనతో అన్నాను. ఆయన పేపరు దించకుండానే, "పిల్ల ఏడవట్లేదని నువ్వు ఏడుత్తన్నావా?" అన్నారు.

"ఆ రోజు డాక్టరు ఏ కన్నుకి కట్టమన్నారండీ?"

"కాంపౌండరు కట్టాడు కదా."

"కాంపౌండరు సంగతి కాదు. డాక్టరు ఏటన్నారు?"

అప్పుడు పేపరు దించి, "మంచి కన్ను అన్నట్టున్నారు. లేకపోతే కన్ను మంచిదవుతాదన్నారో. ఇంగ్లీషులో గబగబా అనేశారు" అన్నారు.

ఆరు వారాల తర్వాత! ఎస్సార్ ఎస్సార్ అంటూ తల ఊపింది దేనికో ఆ దేవుడికే తెలియాలి. ఇంకొక్క మాట ఆడితే పెద్ద గొడవైపోతుందని పిల్లని వాకిట్లోకి తీసుకెళ్ళాను. పట్టీ తీసేసి, నా అరచేత్తో కుడికన్ను మూశాను. మూడు వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమన్నాను. పిల్ల కదల్లేదు. రెండు చేతులూ ముందుకి చాపి, "మమ్మీ, హాథ్ హటావో. కుఛ్ నహీ దిఖ్‌తా" అంది. చెయ్యి తీసెయ్యమంటోంది, ఏమీ కనిపించడం లేదని. నా వేళ్ళు దాని మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి.

అంటే పనిచెయ్యని కన్నునే ఆరు వారాలు చీకట్లో పెట్టాం. చూస్తున్న కన్ను హాయిగా చూస్తూనే ఉంది. ఇంకెందుకు ఏడుస్తుంది?

సోమవారం పిల్లని స్కూలు మానిపించి నేనొక్కదాన్నే సాక్చీ తీసుకెళ్ళాను. కాంపౌండరు మళ్ళీ రావలసిన తారీఖు రాసిచ్చిన చీటీ చూసి, మీ తారీఖు ఇంకా రెండు వారాలు ఉంది, అప్పుడు రండి అన్నాడు. నా హిందీలో చెప్పాను, పట్టీ తప్పు కన్నుకి వేశావని. అతను నవ్వాడు. "ఆప్ డాక్టర్ హై క్యా?" అన్నాడు. డాక్టర్ని కాను. ఆ పిల్ల తల్లిని. ఆ మాట హిందీలో గట్టిగా అనడం నాకు చేతకాలేదు. వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. లోపలున్న పేషెంటు బయటికి రాగానే పిల్లని లాక్కుంటూ దూరిపోయాను. వెనకనుంచి కాంపౌండరు అరుస్తూనే ఉన్నాడు.

డాక్టరు చీటీ చూశారు. పిల్ల మొహం చూశారు. ఎడమ కన్ను చుట్టూ ప్లాస్టరు మరకలు ఇంకా ఉన్నాయి. కాంపౌండర్ని పిలిచి తిడతారేమో అనుకున్నాను. నా వైపు తిరిగి, "మాతాజీ, ఇత్‌నా భీ నహీ సమ్‌ఝా ఆప్‌నే?" అన్నారు. అంతమాత్రం కూడా అర్థం కాలేదా అని! మొదటిసారి నాతో మాట్లాడిన మాట అది.

నాకు కోపంతో కళ్ళంట నీళ్ళొచ్చాయి. "నాకు చెప్తే కదా అర్థం కావడానికి" అన్నాను, తెలుగులోనే. ఆయనకి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. కుర్చీ చూపించారు. ఈసారి నాకే, మెల్లగా, హిందీలో చెప్పారు. మంచి కన్ను మూస్తేనే బద్ధకించిన కన్ను పనిలోకి దిగుతుందని. పట్టీ ఆయనే స్వయంగా కుడికన్నుకి వేశారు.

మెట్లు దిగకముందే పిల్ల ఏడుపు మొదలెట్టింది.

అక్కడి నుంచి అసలు రోజులు. పట్టీ వేస్తే గుమ్మానికి గుద్దుకునేది. అన్నం ముద్ద బుగ్గకి పెట్టుకునేది. నన్ను కొరికేది. ప్లాస్టరు పీకితే కనుబొమ వెంట్రుకలు కూడా ఊడొచ్చేవి. వీధిలో పిల్లలు "కానీ, కానీ" అని ఏడిపించేవారు, అంటే ఒంటికన్నుదని. ఆరు వారాలు బంగారు తల్లి అన్న అత్తగారే ఇప్పుడు నేను పిల్లని చంపుకు తింటున్నానన్నారు. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి పట్టీ ఉండేది కాదు. మా ఆయనే తీసేసేవారు. "ఏడుత్తంటే సూడలేకపోయానే" అనేవారు.

"మీరు సూడలేకపోతే బయటికెల్లండి. అది సూడాలి" అన్నాను ఒకరోజు. ఆ మాటకి ఆయన చెప్పులేసుకుని నిజంగానే బయటికెళ్ళిపోయారు. గంట తర్వాత వచ్చి, పిల్లని ఎత్తుకుని యార్డు వైపు నడిచారు, పట్టీతోనే. షంటింగులో అటూ ఇటూ కదిలే వ్యాగన్లు లెక్కపెట్టమన్నారట. మొదటిరోజు దానికి వ్యాగన్లు విడివిడిగా కనపడలేదు, ఒకటే నల్లటి గీత అంది. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత మాత్రం పట్టీ తియ్యలేదు. డ్యూటీ లేని సాయంత్రాలు ఆ పని తనదే అన్నారు.

మిగతా సాయంత్రాలు నావి. చాటలో కందిపప్పు పోసి రాళ్ళు ఏరమనేదాన్ని. మూడుసార్లు చాట విసిరికొట్టింది. నాలుగోసారి నేను కొట్టాను. కొట్టి, కూర్చుని, ఇద్దరం కలిసి నేలమీద పప్పు ఎత్తుకున్నాం. ఎత్తుతూ ఎత్తుతూ అది ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది. చిన్న రాయి, పప్పు రంగులోనే ఉంది. నాకు కూడా కనపడనిది. చాలా సేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను.

ఏడాదిన్నర పట్టింది. చార్టులో పెద్ద అక్షరమే తెలియని కన్ను ఐదో వరసదాకా చదివింది. ఆఖరి రెండు వరసలు ఎప్పటికీ రాలేదు. ఆ ఆరు వారాలు పోకుండా ఉంటే వచ్చేవా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేం అన్నారు. మర్యాదకి అన్నారో నిజమే అన్నారో ఇప్పటికీ తెలియదు.

పిల్ల పెద్దదైంది. ఇప్పుడు తానే స్కూల్లో పాఠాలు చెబుతోంది, కళ్ళజోడుతోనే. ఆ రోజుల గురించి అడిగితే చాట విసిరింది గుర్తుందంటుంది, నేను కొట్టింది గుర్తుందంటుంది. నాన్నతో యార్డుకి వెళ్ళడం బాగుండేదంటుంది. నేను సాక్చీ డాక్టరు తలుపు తోసుకుని లోపలికెళ్ళిన సంగతి దానికి అసలు గుర్తే లేదు. మొన్న చెప్పబోతే, "మళ్ళీ ఆ పట్టీ కథేనా, ఎన్నిసార్లు చెప్తావమ్మా" అంది. ఆ తలుపు సంగతి అంతకు ముందు ఒక్కసారి కూడా చెప్పలేదు.